ఆ మాట అసలు ఏ భాషలో అన్నారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధించి, పదవీ విరమణ చేసి, నిజామాబాదులో ఉంటున్నాను. మీ పత్రికకు చాలా ఏళ్లుగా పాఠకుణ్ణి. కొంతకాలంగా విదేశీ వార్తల పేజీలో ఒక మార్పు గమనిస్తున్నాను. ఇరాన్ గురించీ, సౌదీ అరేబియా గురించీ, తుర్కియే గురించీ వచ్చే వార్తల్లో చాలావాటికి ‘ఎక్స్‌లో పోస్టు చేశారు’ అన్న ఒక్క ముక్కే ఆధారమవుతోంది. ఆ ఖాతా నిజంగా ఆ నాయకుడిదేనా, పోస్టు ఏ భాషలో ఉంది, తెలుగులోకి వచ్చేలోగా ఎన్ని భాషలు దాటింది, అదే మనిషి అదే రోజు తన ప్రజలతో తన భాషలో ఏమన్నాడు అన్న వివరాలు పాఠకుడికి దొరకడం లేదు. ఇది మీ ఒక్క పత్రికలోని లోపం కాదు, తెలుగు టీవీ చానళ్లలో ఇంతకన్నా ఎక్కువగా ఉంది. అయినా మీకే రాస్తున్నాను. మా జిల్లాలో గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన ఇళ్లు అసంఖ్యాకం. ఆ ఇళ్లలో పొద్దున్నే ముందుగా చదివేది విదేశీ పేజీయే.

తరగతిలో ఈ విషయం చెప్పవలసి వచ్చినప్పుడల్లా కైరోలో జరిగిన ఒక సంగతితో మొదలుపెట్టేవాణ్ణి. 2012 సెప్టెంబర్ 11న, ప్రవక్తను కించపరిచే వీడియో ఒకటి యూట్యూబ్‌లో వచ్చిందన్న ఆగ్రహంతో నిరసనకారులు అక్కడి అమెరికా రాయబార కార్యాలయం గోడలెక్కి జెండా దించేశారు. ముస్లిం బ్రదర్‌హుడ్ అనే ఇస్లామిక్ రాజకీయ సంస్థ నుంచి వచ్చిన మొహమ్మద్ ముర్సీ ఈజిప్టు అధ్యక్ష పదవి చేపట్టి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. రెండు రోజుల తర్వాత బ్రదర్‌హుడ్ వారి ఇంగ్లిష్ ట్విటర్ (ఇప్పటి ఎక్స్) ఖాతా, సంస్థ అగ్రనాయకుల్లో ఒకరైన ఖైరత్ అల్ షాతిర్ పేరు మీద, రాయబార కార్యాలయ సిబ్బందికి ఎవరికీ హాని జరగనందుకు ఊరట చెందామనీ, రెండు దేశాల సంబంధాలు ఈ కల్లోలాన్ని తట్టుకుంటాయని ఆశిస్తున్నామనీ రాసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అదే సంస్థ అరబీ ఖాతా, ప్రవక్త గౌరవం కోసం ఈజిప్షియన్లు కదిలారని నిరసనను మెచ్చుకుంటూ వచ్చింది. రాయబార కార్యాలయం తన ఖాతా నుంచి ధన్యవాదాలు చెప్పి, మీ అరబీ ఖాతాల్లో ఏముందో చూసుకున్నారా, వాటినీ మేం చదువుతామని మీకు తెలిసే ఉంటుందనుకుంటాం అన్న అర్థంలో జవాబిచ్చింది.

ఈ జవాబును చాలామంది గడుసుదనంగా చెప్పుకున్నారు. నాకు ఇందులో కనిపించేది వేరు. ఆ కార్యాలయంలో అరబీ వచ్చినవాళ్లు రోజూ కూర్చుని, రెండు ఖాతాలనూ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నారు. ఆ పని చేసినవాళ్లు లేకపోతే వాషింగ్టన్‌కు ఇంగ్లిష్ పోస్టు ఒక్కటే చేరేది, బ్రదర్‌హుడ్ విచారం వెలిబుచ్చిందన్నదే వార్త అయ్యేది. మనకు చేరే వార్త చాలాసార్లు ఆ సగమే. దీన్ని బట్టి వాళ్లది రెండు నాలుకల ధోరణి అని తీర్పు చెప్పి ఊరుకోవడం కూడా సరికాదని పిల్లలకు చెప్పేవాణ్ణి. మన నాయకులు ఢిల్లీలో ఇంగ్లిష్‌లో విలేకరులతో మాట్లాడే తీరు ఒకటి, సొంత నియోజకవర్గంలో మైకు పట్టుకుంటే వచ్చే మాట ఇంకొకటి. మనకు రెండు భాషలూ వచ్చు కనుక రెండింటినీ కలిపి చూసి, ఆ మనిషి బరువెంతో తూచుకుంటాం. కైరో నాయకుణ్ణి తూచడానికి మన దగ్గర ఒక తక్కెడే ఉంది, దాంట్లోనూ ఇంగ్లిష్ రాళ్లే ఉన్నాయి.

భాష మారితే దౌత్యంలో ఎంత పెద్ద తేడా వస్తుందో కెనడాకు 2018లో తెలిసివచ్చింది. ఆ ఆగస్టు మొదట్లో సౌదీ అరేబియాలో మహిళా హక్కుల కార్యకర్త సమర్ బదవీ అరెస్టుపై కెనడా విదేశాంగ మంత్రి క్రిస్టియా ఫ్రీలాండ్, ఆ తర్వాత ఆమె శాఖ, ట్విటర్‌లో ఆందోళన వ్యక్తం చేశారు. నిర్బంధంలో ఉన్నవారిని తక్షణమే విడుదల చేయాలని శాఖ కోరింది. అదే విజ్ఞప్తిని రియాద్‌లోని కెనడా రాయబార కార్యాలయం అరబీలో పెట్టింది. వెంటనే సౌదీ ప్రభుత్వం కెనడా రాయబారిని 24 గంటల్లో దేశం విడిచి వెళ్లమంది, తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది, కొత్త వాణిజ్యాన్ని స్తంభింపజేసింది, కెనడాలో చదువుకుంటున్న తన విద్యార్థుల్ని వేల సంఖ్యలో వెనక్కి రమ్మంది. మానవ హక్కుల మీద విమర్శ రియాద్‌కు కొత్త కాదు. ఇంగ్లిష్‌లో ఉన్నంతకాలం అది ప్రభుత్వాల మధ్య మాట. సౌదీ గడ్డ మీది కార్యాలయం నుంచి అరబీలో వచ్చేసరికి, రాజు మీద రాజు ప్రజలకే నేరుగా చేసిన ఫిర్యాదులా అక్కడి పాలకులు దాన్ని తీసుకున్నారని చాలామంది పరిశీలకులు అభిప్రాయపడ్డారు. నాకూ అదే సబబనిపిస్తుంది. పూర్తి దౌత్య సంబంధాలు మళ్లీ నెలకొనడానికి 2023 మే దాకా పట్టింది. దీన్ని ‘ట్వీట్ వివాదం’ అని రాసిన వార్తలు చదివాను. ఆ ట్వీట్ ఏ భాషలో ఉందో ప్రస్తావించినవి నాకు అరుదుగా కనిపించాయి.

అసలు అనని మాట కూడా ఈ దారిలో రాజ్యాల మధ్య చిచ్చు పెట్టగలదు. 2017 మే 24 తెల్లవారుజామున ఖతర్ ప్రభుత్వ వార్తా సంస్థలోకి హ్యాకర్లు చొరబడి, ఆ దేశ పాలకుడు (అమీర్) తమీమ్ ఇరాన్‌ను మెచ్చుకుంటూ మాట్లాడినట్టు ఒక ప్రకటనను ప్రచురించారు. అది మా అమీర్ మాట కాదని ఖతర్ చెప్పినా పొరుగు దేశాల టీవీ చానళ్లు ఆపకుండా దానినే ప్రసారం చేశాయి. జూన్ 5న సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. పాత వైరాలు ఉన్నాయి కనుకనే ఆ నిప్పు అంటుకుందన్నది నిజమే. కానీ సాకుగా నిలిచింది కల్పిత ప్రకటన. 2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలాలో ఒప్పందం కుదిరేదాకా మూడున్నరేళ్లు ఆ దిగ్బంధం నడిచింది. ఖతర్‌కున్న ఒకే ఒక్క భూ సరిహద్దు మూసుకుపోయింది. అక్కడ పనిచేసే మనవాళ్లు ఆ మొదటి వారాల్లో దుకాణాల్లో పాల కోసం వెతుక్కున్న సంగతి ఇళ్లకు ఫోన్లు చేసి చెప్పారు.

సామాజిక మాధ్యమాలను చూసి ఒక సమాజమంతా అర్థమైపోయిందనుకోవడం గొప్ప దేశాలకూ తప్పలేదు. 2009 జూన్‌లో ఇరాన్ ఎన్నికల ఫలితంపై నిరసనలు లేచినప్పుడు, నిర్వహణ పనుల కోసం సేవలు ఆపడాన్ని వాయిదా వేయమని అమెరికా విదేశాంగ శాఖ ట్విటర్‌ను కోరింది. ‘ట్విటర్ విప్లవం’ అన్న పేరు అప్పుడే పుట్టింది. ఆనాడు ఇరాన్ లోపల ట్విటర్ వాడేవాళ్లు చాలా కొద్దిమంది. ఆ రాతల్లో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి, ఇంగ్లిష్‌లో వచ్చినవి. 2011లో ఈజిప్టు వంతు వచ్చింది. అలెగ్జాండ్రియాలో పోలీసుల దెబ్బలకు చనిపోయిన ఖాలిద్ సయీద్ పేరుతో నడిచిన ఫేస్‌బుక్ పేజీ జనవరి 25 నిరసనకు పిలుపునివ్వడంలో పెద్ద పాత్ర పోషించిందన్నదాన్ని ఎవరూ కాదనలేరు. కానీ ప్రభుత్వం జనవరి 28న ఇంటర్నెట్ కట్టేసింది, ఫిబ్రవరి 2 దాకా తెరవలేదు. ఆ రోజుల్లోనే వీధుల్లో జనం పెరిగారు. మసీదుల నుంచి, బస్తీల నుంచి, కార్మికవాడల నుంచి వచ్చారు. వారికి ఆ అలవాటు రాత్రికి రాత్రి రాలేదు. నైలు డెల్టాలోని మహల్లా అల్ కుబ్రా బట్టల మిల్లు కార్మికులు 2006 డిసెంబర్ నుంచే సమ్మెల్లో ఉన్నారు. 2008 ఏప్రిల్ 6న వాళ్లు తలపెట్టిన సమ్మెకు మద్దతుగానే ఫేస్‌బుక్‌లో యువకుల బృందం పుట్టింది. ఆ వరసను, అంటే మిల్లు ముందు, పేజీ తర్వాత అన్న వరసను, చెప్పగలిగింది మహల్లాకు వెళ్లి కార్మికులతో అరబీలో మాట్లాడిన పరిశోధకులే.

ముస్లిం సమాజాల మీద జరిగిన పరిశోధన విలువ నాకు ఇక్కడే తెలిసింది. టెలిఫోను, టేపు క్యాసెట్టు, ఉపగ్రహ టీవీ, ఆ తర్వాతే ఇంటర్నెట్ అన్న క్రమాన్ని ఆ పండితులు ఓపికగా గుర్తించారు. 1978లో పారిస్ దగ్గరి పల్లెలో ఉన్న ఇరాన్ మతనాయకుడు ఖొమైనీ ప్రసంగాలు ఫోను మీదుగా టెహరాన్ చేరి, క్యాసెట్లుగా నకలై, మసీదుల్లో పంపిణీ అయ్యాయి. కొత్త మాధ్యమం వచ్చినప్పుడల్లా మతం తరఫున మాట్లాడే అధికారం ఎవరిది అన్న ప్రశ్న మళ్లీ తెరమీదికి వస్తుందనీ, పెద్ద మదరసాల్లో చదివిన మతపండితులైన ఉలేమాతో ఇంజినీర్లూ డాక్టర్లూ ఆ అధికారం కోసం పోటీపడతారనీ, డేల్ ఐకిల్మన్, జాన్ ఆండర్సన్ అనే మానవశాస్త్రవేత్తలు ఫేస్‌బుక్ పుట్టక ముందే, 1999లో, తాము కూర్చిన వ్యాస సంకలనంలో చర్చించారు. పైగా ముస్లిం సమాజం అని ఏకవచనంలో అనడమే పొరపాటు. ప్రపంచ ముస్లింలలో అరబ్బులు దాదాపు ఐదో వంతు మాత్రమే. జావాలోని రైతు, సెనెగల్‌లోని సూఫీ, మా ఊళ్లో తెలుగు తప్ప మరో భాష రాని దూదేకుల పెద్దాయన ఒకే పోస్టులో ఇమిడే మనుషులు కారు. పీర్ల పండుగకు గుండం చుట్టూ ఎవరెవరు తిరుగుతారో చూసిన తెలంగాణవాడికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

నాకు ఈ ఉత్తరం రాయాలనిపించడానికి మూలం 2022 జూన్‌లో జరిగింది. ఢిల్లీలో ఒక టీవీ చర్చలో ప్రవక్త గురించి ఒక పార్టీ ప్రతినిధి చేసిన వ్యాఖ్యలు సామాజిక మాధ్యమాల ద్వారా అరబీలోకి వెళ్లాయి. ఒమన్ గ్రాండ్ ముఫ్తీ, అంటే ఆ దేశ అత్యున్నత మతాధికారి, ట్విటర్‌లోనే ఖండించారు. జూన్ 5న ఖతర్, కువైట్, ఇరాన్ మన రాయబారులను పిలిపించి నిరసన తెలిపాయి. ఆ పార్టీ అదే రోజు ఆ ప్రతినిధిని సస్పెండ్ చేసింది. ఆ సమయంలో దోహాలో పర్యటిస్తున్నది మన తెలుగువారే, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు. ఆ వారంలోనే ఒక సాయంత్రం మా వీధిలో ఉండే ఒకావిడ, కొడుకు కువైట్‌లో తాపీ పనిచేస్తాడు, చేతిలో ఫోన్ పట్టుకుని వచ్చింది. “సారూ, మనోళ్లందర్ని ఎల్లగొడుతున్నరంట, గిది సర్కారు కాయిదమంట, నిజమేనా?” అంది. ఫోన్‌లో అరబీ ప్రకటన ఒకటి, దాని కింద ఎవరో తెలుగులో మాట్లాడి పంపిన వాయిస్ మెసేజ్. నాకు అరబీ రాదు. రాజనీతిశాస్త్రంలో పాతికేళ్లకు పైగా పాఠాలు చెప్పిన నేను ఆ తల్లి ముందు ఏమీ చెప్పలేక నిలబడ్డాను.

మసీదులో పిల్లలకు అరబీ నేర్పే మౌల్వీ సాహెబ్ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివారు. అది ఎండాకాలం పని వేళల గురించి అధికారులు ఇచ్చిన నోటీసు. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన ఏటా ఉండేదే. “అయితే మా పిల్లగానికి మంచిదే గదా” అని ఆవిడ అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయింది. ఒక్క మనిషికి అరబీ చదవడం రావడం వల్ల ఆ రాత్రి ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది. ఆ వాయిస్ మెసేజ్ ఇంకెన్ని ఇళ్లకు వెళ్లిందో, అక్కడ చదివి చెప్పేవాళ్లు ఉన్నారో లేరో అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గల్ఫ్ దేశాల్లో మనవాళ్ల బతుకు ఈ మాధ్యమాలతో ఎంతగా ముడిపడిందో అంతకు రెండేళ్ల ముందే కనిపించింది. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదటి నెలల్లో, యూఏఈలో ఉంటున్న కొందరు భారతీయులు ముస్లింలను దూషిస్తూ పెట్టిన పోస్టులను అక్కడి రాజకుటుంబ మహిళ హింద్ అల్ ఖాసిమీ బహిరంగంగా తప్పుబట్టారు. వివక్షకు తావు లేదనీ, ఆ దేశంలోని భారతీయులు అది గుర్తుంచుకోవాలనీ మన రాయబారి పవన్ కపూర్ ట్విటర్‌లో చెప్పవలసి వచ్చింది. అదే నెలలో ఒమన్ రాజకుటుంబానికి చెందిన మరో మహిళ పేరుతో భారత్‌ను హెచ్చరిస్తూ ఒక పోస్టు వ్యాపించింది. ఆ ఖాతా తనది కాదని ఆమె ప్రకటించారు. మొదటి పోస్టు అసలు, రెండోది నకిలీ. రెండూ ఒకే వేగంతో, ఒకే కోపంతో చేతులు మారాయి. ఈ మాధ్యమాల మేలు కూడా చెప్పాలి. యజమాని పాస్‌పోర్టు దాచేశాడనో, జీతం ఇవ్వలేదనో కన్నీళ్లతో సెల్ఫీ వీడియో తీసి పెట్టిన పాలమూరు, కడప, గోదావరి జిల్లాల వలస కూలీలకు సుష్మా స్వరాజ్ గారు విదేశాంగ మంత్రిగా ఉన్న కాలంలో ట్విటర్ ద్వారానే స్పందన దొరికేది. ఆ వీడియో తీసిన కూలీకి యజమానితోనూ పోలీసులతోనూ మాట్లాడే అరబీ ఉందా అన్నది మాత్రం మనం ఎన్నడూ పట్టించుకోలేదు.

ఇప్పుడు పండితులకూ దారులు ఇరుకవుతున్నాయి. ట్విటర్ 2021లో విశ్వవిద్యాలయాల పరిశోధకులకు పాత పోస్టులన్నిటినీ ఉచితంగా వెతికే వీలు కల్పించింది. 2022లో యాజమాన్యం మారాక, 2023లో ఆ ఉచిత ప్రవేశం ఆగిపోయింది. ఫేస్‌బుక్‌లో ఏ వార్త ఎలా పాకుతోందో చూపించే క్రౌడ్‌టాంగిల్ అనే సాధనాన్ని దాని యాజమాన్య సంస్థ మెటా 2024 ఆగస్టు 14న మూసేసింది. నేల మీదికి వెళ్లి చేసే పరిశోధన సంగతి ఇంకా బాధాకరం. ఈజిప్టులో స్వతంత్ర కార్మిక సంఘాలను అధ్యయనం చేస్తున్న కేంబ్రిడ్జ్ పరిశోధక విద్యార్థి, ఇటలీకి చెందిన జూలియో రెజేని 2016 జనవరి 25న కైరోలో అదృశ్యమయ్యాడు. ఫిబ్రవరి 3న చిత్రహింసల గుర్తులతో శవం దొరికింది. బ్రిటన్‌లోని డరమ్ విశ్వవిద్యాలయ విద్యార్థి మాథ్యూ హెడ్జెస్‌ను 2018లో యూఏఈ గూఢచర్యం ఆరోపణపై పట్టుకుని, నవంబర్‌లో యావజ్జీవ శిక్ష వేసి, కొద్ది రోజులకే క్షమాభిక్ష పెట్టి వదిలింది. వీధిలో తిరిగి మనుషులతో మాట్లాడేవాడు ప్రాణం పణంగా పెట్టవలసి వస్తుంటే, గదిలో కూర్చుని పోస్టులు లెక్కపెట్టడానికే పరిశోధకులు మొగ్గుతారు. ఆ పోస్టులు చూసే తలుపు కూడా ఇప్పుడు డబ్బున్నవారికే తెరుచుకుంటోంది.

ఇంత చెప్పి హైదరాబాదు మాట ఎత్తకపోతే అన్యాయం. అరబీ వ్రాతప్రతులను సేకరించి, సరిచూసి, అచ్చువేయడానికి దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ 1888లోనే అక్కడ పుట్టింది. ఇప్పటికీ ఉస్మానియా ప్రాంగణంలో ఉంది. ప్రవక్త మాటలను ఒకరి నుంచి ఒకరు విని చెప్పిన వేలాదిమంది చరిత్రలను, వారిలో ఎవరు నమ్మదగినవారు, ఎవరు కారు అన్న విచారణను కూర్చిన ఇబ్న్ హజర్ మహాగ్రంథం ‘తహ్జీబ్ అల్ తహ్జీబ్’ 12 సంపుటాలూ గత శతాబ్దం మొదట్లో హైదరాబాదులోనే అచ్చయ్యాయి. ఒక మాట విన్నప్పుడు, అది ఎవరు చెప్పారు, ఆయనకు ఎవరు చెప్పారు, ఆ ఇద్దరూ నిజంగా కలుసుకున్నారా అని అడిగే ఆ శాస్త్రాన్ని మన ఊళ్లో అచ్చు అక్షరాల్లో పెట్టారు. 1908లో హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో చదివిన మొహమ్మద్ హమీదుల్లా 1935లో పారిస్‌లోని సోర్బాన్‌లో డాక్టరేటు పొందింది తొలి ఇస్లామిక్ కాలపు దౌత్యం మీదే. ప్రవక్తా, తొలి ఖలీఫాలూ పంపిన లేఖలనూ చేసుకున్న ఒప్పందాలనూ ఆయన ఏరి, ఏది ఏ గ్రంథంలో ఉందో, పాఠాంతరాలేమిటో ప్రతి దాని పక్కనా రాసి కూర్చారు. 1948 తర్వాత పారిస్‌లోనే ఉండిపోయి 2002లో అమెరికాలో కన్నుమూసిన ఆయన పేరు మన డిగ్రీ పాఠ్యపుస్తకాల్లో నేను ఎన్నడూ చూడలేదు. నేను పాఠం చెప్పినన్నాళ్లూ దౌత్యం గురించి పిల్లలకు యూరప్ రచయితల పేర్లే చెప్పాను. అది నా లోపం కూడా.

కనుక మీకు నా విన్నపం ఇది. ఒక విదేశీ వార్త సామాజిక మాధ్యమంలోని పోస్టు మీద ఆధారపడినప్పుడు, అది ఎవరి ఖాతా, ఏ భాషలో, ఏ రోజు పెట్టినది, తెలుగులోకి నేరుగా వచ్చిందా లేక ఇంగ్లిష్ ద్వారా వచ్చిందా అన్నది ఒక్క వాక్యంలో రాయించండి. పెద్ద వార్త అయితే ఆ నాయకుడు తన దేశ భాషలో అదే రోజు ఏమన్నాడో కూడా చెప్పించండి. ఇందుకు ఢిల్లీ దాకా పోనవసరం లేదు. ఉస్మానియాలో, ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో అరబీ, ఫారసీ చదివిన పిల్లలు ఏటా బయటికి వస్తున్నారు. ఎక్కువమంది గల్ఫ్ కంపెనీల్లో అనువాదకులుగా వెళ్లిపోతున్నారు, లేదా కాల్ సెంటర్లలో చేరుతున్నారు. వారిలో ఇద్దరికి మీ డెస్క్‌లో చోటిచ్చి, వారానికొకసారి కైరో, టెహరాన్, రియాద్, దోహా పత్రికలూ ఖాతాలూ తమ భాషల్లో ఏం రాస్తున్నాయో తెలుగు పాఠకుడికి చెప్పే శీర్షిక ఒకటి మొదలుపెట్టండి. ఆ దేశాల సమాజాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన పండితుల చేత నెలకొక వ్యాసమైనా రాయించండి. పత్రికకు ఇది ఖర్చే, కాదనను. కానీ ఆ వార్త కోసం ఎదురుచూసే కుటుంబాలు మీ చందాదారుల్లోనే ఉన్నాయి.

వచ్చే జూన్‌లోనూ కువైట్ నుంచి ఎండాకాలం పని వేళల ప్రకటన వస్తుంది. దాన్ని అరబీ నుంచి నేరుగా తెలుగు చేసి, జిల్లా పేజీలోనే వేయండి. మా వీధిలో ఎదురుచూసే తల్లులు ఉన్నారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు,
నిజామాబాదు